మన రూపాయి ఎక్కడిది? – దూబగుంట ఆడవాళ్లను తలుచుకుంటూ

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో లెక్కలే ముందుంటాయి. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, స్త్రీనిధి ఎంత, కంతులు సక్రమంగా కట్టిన సంఘాలు ఎన్ని అని. ఈసారి కూడా అవన్నీ ఉన్నాయి, తరవాతి పేజీల్లో చూడండి. కానీ ఈ నాలుగు పేజీలు మాత్రం చరిత్రకు పెట్టాలని కార్యవర్గంలో తీర్మానం చేసుకున్నాం. దానికొక కారణం ఉంది.

కొత్త సంఘాలకు శిక్షణ పెట్టినరోజు "మన జిల్లాలో పొదుపు ఎందుకు మొదలైందో ఎవరన్నా చెప్తారా?" అని అడిగాం. చిన్నవయసు సభ్యులు టకటకా చెప్పారు. లోను కోసం అని ఒకరు, వడ్డీ రాయితీ కోసం అని ఒకరు, గవర్నమెంటు పెట్టమంది కాబట్టి అని ఇంకొకరు. వెనక గోడకు ఆనుకొని కూర్చున్న పెద్దామె ఒకామె లేచి "అయ్యేమీ కాదు, సారా వల్ల మొదలైంది" అని మళ్లీ కూర్చుంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

భోజనాల దగ్గర ఆమె పక్కన కూర్చుని అడిగితే, అప్పటి సంగతులు ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. మాలో కొందరం అప్పటికి పిల్లలం, కొందరం పుట్టనేలేదు. సంఘంలో ఇరవై ఏళ్ల నుంచి ఉన్నవాళ్లం కూడా ఈ కథను ముక్కలు ముక్కలుగానే విన్నాం. విన్నదాన్ని, చదివినదాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాం.

సర్కారు సారా

ఇప్పటి పిల్లకాయలకు సారా అంటే పాత సినిమాల్లో వినపడే మాట. అప్పట్లో సారా సర్కారు సరుకే. 1980ల్లో "వారుణి వాహిని" అని ఒక పథకం వచ్చింది. పేరు చూడండి, ఏదో సాగునీటి కాలువకు పెట్టినట్టుంది. ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపిన సారాను ప్రభుత్వమే సరఫరా చేసేది. దాన్ని అమ్ముకునే హక్కును ఏటా వేలంపాట పెట్టి కాంట్రాక్టర్లకు ఇచ్చేది. పాట ఎంత ఎక్కువకు పోతే ఖజానాకు అంత రాబడి. పాట పాడినవాడు ఆ డబ్బు రాబట్టుకోవాలంటే జనం చేత అంతకంతా తాగించాలి. సీసా అయితే మోయాలి, దాచాలి, పగలకుండా చూసుకోవాలి. ప్యాకెట్ అయితే జేబులో పడుతుంది, మొలలో దోపుకోవచ్చు. దుకాణానికి పోవాల్సిన పని కూడా లేకుండా పోయింది. సరుకే ఊళ్లోకి, వీధిలోకి, కూలి పని జరిగే చేను గట్టు మీదికి వచ్చేసింది. చేతిలో డబ్బు లేకపోతే అరువు. అరువు తీర్చేది కూలి డబ్బుతో.

1970-71లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఎక్సైజ్ మీద వచ్చిన రాబడి 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లు అయింది. ఇరవై ఏళ్లలో ఇరవై రెట్లకు పైగా. మనం సంఘాల్లో లెక్కలు చూసుకునేవాళ్లం కాబట్టి ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఇందులో ఎక్కువ భాగం రోజుకూలి చేసుకునే ఇళ్లలోంచి పోయిన డబ్బు. బియ్యానికి, పిల్లోళ్ల మందుకు, పలకకు ఉండాల్సిన డబ్బు. సాయంత్రం మొగుడు ఇంటికొచ్చేసరికి కూలిలో సగం కూడా మిగిలేది కాదని, అడిగితే దెబ్బలేనని పెద్దామె చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో కోపం కూడా లేదు. ఎండాకాలం నీళ్ల ఎద్దడి గురించి చెప్పినట్టు చెప్పింది.

నీళ్లంటే గుర్తొచ్చింది. మన మెట్ట పల్లెల్లో తాగే నీళ్లకు బిందెలు పట్టుకుని మైళ్లు నడిచే రోజులవి. నీళ్లు రాని ఊరికి సారా జీపు మాత్రం రోజూ ఎట్లా వస్తోందని అప్పటి ఆడవాళ్లు అధికారులను నిలేసి అడిగారు. దానికి ఇప్పటికీ ఎవరూ సరైన జవాబు చెప్పినట్టు లేదు.

రాత్రి బడి

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో "అక్షర దీపం" పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. జిల్లా యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల కార్యకర్తలు, ఊళ్లల్లో చదువుకున్న యువకులు, యువతులు కలిసి నడిపారు. కళాజాతా బృందాలు ఊరూరూ తిరిగి పాటలు పాడాయి, నాటికలు వేశాయి. పగలంతా కూలికి పోయొచ్చి, వంట చేసి, పిల్లోళ్లకు పెట్టి, అప్పుడు ఆడవాళ్లు పలక పట్టుకుని వచ్చేవాళ్లు. బడి అంటే గుడి అరుగో, ఎవరింటి పంచో, వేపచెట్టు కిందో.

ఆ చదువులో సీతమ్మ కథ అని ఒకటి ఉండేది. తాగుడు వల్ల చితికిపోయిన ఒక ఇంటి కథ. దాన్ని చదివీ, నాటికగా చూసీ "ఇది మన కథే కదా" అని ఊరూరా ఆడవాళ్లు అనుకున్నారు.

చదువు వల్లే సారా ఉద్యమం పుట్టిందని చాలామంది పెద్దలు రాశారు. నిజమే కావచ్చు. మాకు మాత్రం ఇంకో మాట చెప్పాలనిపిస్తుంది. సారా మీద కోపం ఆడవాళ్లకు అ, ఆలు వచ్చాక కొత్తగా పుట్టలేదు. అది ఎప్పటినుంచో ఉంది, ఎవరింట్లో వాళ్లు మింగుకున్నారు. రాత్రి బడి ఇచ్చింది ఏమిటంటే, ఇరవైమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక వంక. చీకటి పడ్డాక ఇంట్లోంచి బయటికి పోతే "యాడికి?" అని అడిగే మొగుడికి, అత్తకు "బడికి" అని చెప్పుకునే వీలు. ఒకామె ఒంటి మీద వాత చూసి ఇంకొకామె తన వాత చూపించింది. సంఘం సమావేశాల్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు కాబట్టి, అప్పుడు అక్కడ ఏం జరిగుంటుందో ఊహించుకోవడం మనకు కష్టం కాదు.

దూబగుంట

దూబగుంట కలిగిరి మండలంలో ఒక చిన్న ఊరు. పేరు ఎవరికీ తెలియాల్సిన ఊరు కాదు. సారా మత్తులో చెరువులో పడి మనుషులు చచ్చిపోవడంతో ఆ ఊరి ఆడవాళ్లకు ఓపిక అయిపోయిందని చెప్పుకుంటారు. వర్ధినేని రోశమ్మ ముందు నిలబడింది. ఊళ్లో సారా అమ్మడానికి వీల్లేదని ఆడవాళ్లంతా ఒక్క మాట మీద నిలిచి దుకాణం మూయించారు. పై ఊరి నుంచి సరుకు రాకుండా కాపలా కాశారు.

రోశమ్మ ఇంటిపేరు వర్ధినేని అయినా రాష్ట్రమంతటికీ ఆమె దూబగుంట రోశమ్మగానే తెలుసు. ఆడమనిషికి ఇంటిపేరు పుట్టింటివాళ్లు ఇస్తారు, పెళ్లయ్యాక అత్తింటివాళ్లు మారుస్తారు. చేసిన పనివల్ల ఊరు పేరే ఇంటిపేరు కావడం మన వైపు ఎంతమందికి జరిగింది?

ఆ ఊళ్లో జరిగింది పాఠంగా అచ్చయింది. అక్షరాలు నేర్చుకున్నవాళ్లు తరవాత చదువుకోవడానికి ఇచ్చిన పుస్తకంలో "ఆడవాళ్లు ఏకమైతే" అని దూబగుంట కథ పెట్టారు. సారా కాంట్రాక్టర్లకు ఆ పాఠం గిట్టలేదు, గిట్టదు కూడా. కానీ అప్పటికే అది ఊళ్లల్లోకి పోయింది. కూడబలుక్కుని ఒక్కో అక్షరం చదివే ఆడవాళ్లు, తమలాంటి ఆడవాళ్లే పక్క మండలంలో దుకాణం మూయించారని చదివారు. పురాణం కాదు, బస్సెక్కితే పోగలిగిన ఊరు. వాళ్లు చెయ్యగలిగితే మనకేం పోయేకాలం అనుకున్నారు.

అట్లా ఊరినుంచి ఊరికి పాకి, సుమారు 5,000 పల్లెల్లో ఆడవాళ్లు సమావేశాలు పెట్టుకున్నారు. సారా వద్దని తీర్మానాలు రాసి, సంతకాలు, వేలిముద్రలు వేసి కలెక్టరుకు పంపారు. ఇది చదివినప్పుడు మాకు ఒళ్లు జలదరించింది. తీర్మానం అనేది మనకు శిక్షణలో నేర్పిన కాగితం పని అనుకుంటాం. లోను కావాలంటే తీర్మానం, ఖాతా మార్చాలంటే తీర్మానం. మన జిల్లా ఆడవాళ్లు ఊరూరా కూర్చుని వరసబెట్టి రాసిన తీర్మానాల్లో మేం చదివినంతలో మొదట కనపడేది లోను కోసం రాసింది కాదు, మా ఊళ్లో సారా దుకాణం ఉండటానికి మేం ఒప్పుకోం అని రాసింది.

పోరాటం అంతా కాగితాల మీదే జరగలేదు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి మొదట కాపలా కాశారు. సారా జీపులను వెనక్కి తిప్పారు. ప్యాకెట్లు నడివీధిలో పోసి తగలబెట్టారు. తాగి వచ్చిన మగవాళ్లకు గుండు కొట్టించి ఊరేగించిన ఊళ్లు కూడా ఉన్నాయి. ఈ చివరిది గొప్ప పని అని మేం చెప్పం. రేపు ఆ మనిషితోనే కాపురం చెయ్యాలి కదా. కానీ రోజూ తన్నులు తిన్నవాళ్లను, ఒకరోజు మర్యాద తప్పారని తప్పుబట్టే అర్హత మనకు ఉందా అన్నది కూడా ఆలోచించాలి.

ఈ పనిలో ముందున్నది ఎక్కువగా దళితవాడల, బీసీ కుటుంబాల కూలి ఆడవాళ్లు. ఒకరోజు కలెక్టరాఫీసు దగ్గరికి పోతే ఒకరోజు కూలి పోయినట్టే. అయినా పోయారు.

పదిహేడు సార్లు

సారా అమ్మే హక్కుకు వేలం జరిగితేనే కాంట్రాక్టరుకు కొత్త ఏడాది మొదలవుతుంది. అందుకే ఆడవాళ్లు ఊళ్లో దుకాణాన్ని వదిలిపెట్టి వేరును పట్టుకున్నారు. 1992లో నెల్లూరులో వేలం పాట ఎప్పుడు పెడితే అప్పుడు పల్లెల నుంచి కదిలి వచ్చారు. మహిళా సంఘాలు, ప్రజా సంఘాలు, కొన్ని పార్టీలవాళ్లు తోడు నిలిచారు. పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, రోజూ ఈ వార్తలు రాశాయి. పోలీసులను పెట్టారు, తేదీలు మార్చారు. నెల్లూరు జిల్లా సారా వేలం 17 సార్లు వాయిదా పడింది.

17 అంటే ఒక్క రోజు ఆవేశం కాదు. మొదటిసారి పోవడానికి కోపం చాలు. తొమ్మిదోసారి, పదోసారి పోవడానికి ఎవరు ఈరోజు పోవాలి, ఎవరు పిల్లోళ్లను చూసుకోవాలి, ఛార్జీలకు డబ్బులు ఎట్లా, ఊళ్లో కాపలా ఎవరిది అన్న ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు రికార్డుల్లో లేదు. మా పెద్దామెకు మాత్రం తను ఏ రోజుల్లో పక్కింటి పసిబిడ్డను చూసుకుందో ఇప్పటికీ గుర్తుంది. "నేను నెల్లూరికి పోలేదమ్మా, బిడ్డనెత్తుకొని కూర్చున్నా, అంతే" అంది. అదేమీ పని కానట్టు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. అప్పుడు కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి. తరవాత 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం పెద్ద వాగ్దానం అయింది. డిసెంబరులో ఎన్.టి. రామారావు ప్రమాణ స్వీకారం రోజే ఆ ఫైలు మీద సంతకం పెట్టాడు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది. ప్యాకెట్లలో సారా తెచ్చింది ఆయన ప్రభుత్వమే, మద్యం మొత్తం ఆపిందీ ఆయన ప్రభుత్వమే. మధ్యలో మారింది ఏమిటో మన పల్లెలవాళ్లకు తెలుసు.

రోజుకు రూపాయి

ఇప్పుడు మన రూపాయి దగ్గరికి వద్దాం. సారా ఆగిన ఇళ్లల్లో కొంచెం డబ్బు కనపడటం మొదలైంది. గొప్ప సొమ్మేమీ కాదు. కానీ సాయంత్రానికి కొంగున ముడేసుకునే చిల్లర ఉంది. జిల్లాలో "పొదుపు లక్ష్మి" పేరుతో ఆడవాళ్ల పొదుపు సంఘాలు పెట్టారు. రోజుకు ఒక రూపాయి, నెలకు ముప్పై. సారా మీద పోరాడటానికి ఒకచోట చేరిన ఆడవాళ్లే చాలా ఊళ్లల్లో పొదుపుకు ఒకచోట చేరారు. కొత్తగా కూడగట్టాల్సిన పని లేదు, ఒకరినొకరు అప్పటికే నమ్మారు.

డ్వాక్రా పథకం దేశంలో 1982 నుంచే ఉంది, అది నిజం. కానీ మన రాష్ట్రంలో అది ఊరూరా పాకింది 1990ల నడిమి నుంచి. 2000లో సెర్ప్, వెలుగు వచ్చాయి, తరవాత ఇందిర క్రాంతి పథం. చిన్న సంఘాలు గ్రామ సంఘాలై, గ్రామ సంఘాలు మండల సమాఖ్యలై మనం ఇక్కడికి వచ్చాం. ఈ వరసంతా శిక్షణ పుస్తకాల్లో ఉంటుంది. దాని మొదట్లో ఉండాల్సిన మాట మాత్రం లేదు. మనవైపు పొదుపు చేసిన ఆ మొదటి రూపాయి ఎవరో ఇచ్చింది కాదు, సారా ప్యాకెట్ నుంచి లాక్కున్నది.

మళ్లీ వచ్చింది

1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. ఖజానాకు గండి పడిందని, పక్క రాష్ట్రాల నుంచి దొంగరవాణా ఆగడం లేదని, నాటుసారా పెరిగిందని కారణాలు చెప్పారు. సారా మీద నిషేధం ఉండిపోయింది, బ్రాందీ, విస్కీ వచ్చేశాయి. అప్పటి నుంచి దుకాణాలు కొన్నాళ్లు ప్రైవేటు చేతిలో, కొన్నాళ్లు ప్రభుత్వం చేతిలో ఉంటూ వస్తున్నాయి. పల్లెలో వీధి చివర బెల్టు షాపు మాత్రం ఎవరి చేతిలో ఉన్నా పోలేదు.

దూబగుంట రోశమ్మ 2016లో కన్నుమూసింది. ఆమె పోయినప్పుడు పేపర్లలో రాశారు, నాయకులు సంతాపం చెప్పారు. ఆమె ఫోటోకు దండ వెయ్యడం మనకూ తేలికే. మహిళా దినోత్సవం నాడు స్టేజీ మీద పెడితే అయిపోతుంది. కార్యవర్గంలో ఈ మాట వచ్చినప్పుడు ఒక సభ్యురాలు "దండ వేస్తే వెయ్యండి గానీ, ఆ రోజు మన ఊరి బెల్టు షాపు సంగతి కూడా మాట్లాడదామా?" అని అడిగింది. కాసేపు ఎవరూ పలకలేదు.

ఎందుకు పలకలేదో దాచకుండా రాస్తాం. రెండేళ్ల కిందట ఒక గ్రామ సంఘంలో బెల్టు షాపు మీద తీర్మానం రాసి, అందరం సంతకాలు పెట్టి, సంబంధిత కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. మూడు వారాలు మూతపడింది. తరవాత ఇంకో ఇంట్లో తెరిచారు. ఆ ఇల్లు మన సంఘం సభ్యురాలిదే. పిలిపించి అడిగితే ఆమె ఏడవలేదు, దాచనూ లేదు. "కూలి దొరకని నెలల్లో నా కంతు దాన్నుంచే కడతున్నా. మీరే కదా కంతు తప్పకూడదంటారు" అంది. మన సమాఖ్యలో వసూళ్ల శాతం ఎంత బాగుందో ఈ పుస్తకం ముందు పేజీల్లో గొప్పగా రాసుకున్నాం. ఆ శాతంలో ఈ డబ్బు కూడా ఉంది.

ఆ రోజు పెద్ద గొడవ అయింది. సంఘం నుంచి తీసేయాలని కొందరు, తీసేస్తే పూర్తిగా ఆ వ్యాపారంలోకే పోతుందని కొందరు. చివరికి ఆమెకు గేదె కోసం అప్పు ఇచ్చి, అమ్మకం మానుకోవాలని ఒప్పందం రాసుకున్నాం. కొన్నాళ్లు మానుకుంది. ఇప్పుడు మళ్లీ అమ్ముతున్నారని అంటున్నారు, లేదని ఆమె అంటోంది. ఎవరమూ పోయి చూడలేదు. అప్పట్లో ఊరి మొదట రాత్రిళ్లు కాపలా కాసినవాళ్ల వారసులం అని చెప్పుకునే మేం, నాలుగిళ్ల అవతలకు పోయి చూడలేదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా కూడా ఉంది. వాళ్లకు సారా కాంట్రాక్టరు బయటివాడు, జీపులో వచ్చేవాడు. మనకు అమ్మేది పక్కింటి మనిషి, పండక్కి పలకరించుకునే మనిషి. వాళ్ల పోరాటం సులభం అని కాదు, ఇంట్లో మొగుళ్లతో కూడా వాళ్లు పోరాడారు. కానీ మన పని ఇంకో రకంగా చిక్కు. దూబగుంట పాఠం చదివితే సరిపోతుందని అనుకోకండి.

కార్యవర్గం రెండు విషయాలు నిర్ణయించింది. ఒకటి, వచ్చే ఏడాది లోపల ప్రతి గ్రామ సంఘమూ తమ ఊళ్లో బెల్టు షాపు ఉందా లేదా అన్నది సమావేశంలో అడిగి, ఉన్నది ఉన్నట్టు తీర్మాన పుస్తకంలో రాయాలి. సభ్యుల ఇళ్లల్లో ఉంటే అది కూడా రాయాలి. కంతు మాట అప్పుడు విడిగా చూద్దాం. రెండోది, అప్పటి ఉద్యమంలో పాల్గొన్న పెద్దవాళ్లు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. నెల్లూరికి పోయినవాళ్లే కాదు, కాపలా కాసినవాళ్లు, వంట చేసి పంపినవాళ్లు, బిడ్డలను ఎత్తుకుని కూర్చున్నవాళ్లు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి పెట్టాలి.

మొదటిది మా పెద్దామెదే. మొన్న గ్రామ సంఘం సమావేశంలో గంటసేపు చెప్పింది, బుక్ కీపరు అమ్మాయి నాలుగు పేజీలు రాసింది. కింద వేలిముద్రకని ఇంకు ప్యాడ్ జరిపితే ఆమె దాన్ని పక్కకు నెట్టేసి పెన్ను అడిగింది. రాత్రి బడిలో నేర్చుకున్న సంతకం. మెల్లగా ఒక్కో అక్షరం పెట్టింది. పెట్టాక పుస్తకం తిరిగి ఇవ్వకుండా, "ఇప్పుడు చదువు తల్లీ, నేను చెప్పిందే రాశావా చూద్దాం" అని నాలుగు పేజీలూ మొదటి నుంచి చదివించుకుంది.